ఏడుపు.. ఆకలికి ఆఖరి గుర్తు!

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే రోజుకు పదిసార్లయినా వినబడే ప్రశ్న- ‘పాలిచ్చి ఎంతసేపైంది?’ వెంటనే అందరి కళ్లూ గోడ గడియారం వైపు తిరుగుతాయి. ‘గంటన్నరే కదా అయ్యింది, అప్పుడే ఆకలేమిటి? అది కడుపునొప్పి ఏడుపే’ అంటుంది అమ్మమ్మ. ‘కాదు, పాలు చాలటం లేదు. డబ్బా తెప్పించండి’ అంటుంది నానమ్మ. ఎవరి మాట వినాలో తెలియక కొత్తగా తల్లయిన అమ్మాయి ఫోనులో యాప్ తెరుస్తుంది. అందులోనూ గడియారమే!

నిజానికి బిడ్డ తనకు ఆకలేస్తోందని ఏడవటానికి చాలాముందే చెబుతుంది. కడుపు నిండిన సంగతీ చెబుతుంది. మనకు ఆ భాష రాకపోవటమే చిక్కు. పాలు చాలటం లేదన్న అపోహతో అనవసరంగా డబ్బాపాలు మొదలెట్టటానికీ, మరోవైపు నిజంగానే పాలు అందని బిడ్డను గుర్తించలేకపోవటానికీ మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

ముందు పెదాలు.. తర్వాత చేతులు

నిద్రలో ఉన్న పసిబిడ్డను కాసేపు గమనించండి. ఆకలి మొదలవుతుండగానే కనురెప్పల కింద కళ్లు కదులుతాయి. ఒళ్లు కదిలిస్తుంది. పెదాలు చప్పరిస్తుంది. నాలుక బయటకు తెస్తుంది. చెంపకు దుప్పటి అంచు తాకినా సరే, అటు తల తిప్పి నోరు తెరుస్తుంది. పాలివ్వటానికి మంచి సమయం ఇదే. ఇంకా ఆలస్యమైతే పిడికిలి నోట్లోకి వెళ్తుంది, కాళ్లూ చేతులూ గట్టిగా చాపుతుంది, ఎత్తుకున్నవాళ్ల గుండెల మీద తలతో వెతుకుతుంది. ఆ ఎత్తుకున్నది నాన్నయినా, తాతయ్యయినా దానికి ఒకటే! అప్పటికీ పట్టించుకోకపోతే మొహం ఎర్రబడి ఏడుపు లంకించుకుంటుంది.

అంటే ఏడుపు మొదటి పిలుపు కాదు, చివరిది. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ నాలుక పైకి లేచి అంగిలికి ఆనుకుంటుంది. అలాంటప్పుడు రొమ్మును సరిగా పట్టుకోలేదు. పట్టుకున్నా పైపైన చీకి, గాలి మింగి, వదిలేసి మళ్లీ ఏడుస్తుంది. చూసేవాళ్లు ‘పాలు లేవు, అందుకే వదిలేస్తోంది’ అనుకుంటారు. ఈ స్థితికి వచ్చేస్తే వెంటనే రొమ్ము నోట్లో పెట్టే ప్రయత్నం చేయొద్దు. బిడ్డ ఒంటి మీద బట్ట తీసి, తల్లి ఛాతీకి ఆనించి పడుకోబెట్టుకుని, వీపు నిమురుతూ కాసేపు ఊరుకోబెట్టండి. తేరుకున్నాక దానంతట అదే వెతుక్కుంటుంది.

ఇంకో సంగతి. పిడికిలి నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఆకలేనని కూడా కాదు. మూడు, నాలుగు నెలలు వచ్చేసరికి పిల్లలు దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పెయ్యకూడదు. రెండు మూడు కలిసి కనబడుతున్నాయా, పాలు తాగి ఎంతసేపైంది, ఒళ్లు ఎత్తుకోగానే ఊరుకుందా- ఇవన్నీ కలిపి చూడాలి. వారం పది రోజులు గడిస్తే చాలామంది తల్లులకు తమ బిడ్డ తీరు తెలిసిపోతుంది.

ఈ గడియారం ఎక్కడి నుంచి వచ్చింది?

నాలుగు గంటలకోసారి, ఠంచనుగా, రాత్రిళ్లు అసలే వద్దు- ఈ పద్ధతికి బాగా ప్రచారం కల్పించిన వ్యక్తి న్యూజిలాండ్‌కు చెందిన డాక్టర్ ట్రూబీ కింగ్. ఆయన పిల్లల డాక్టరు కాదు. సీక్లిఫ్ అనే ఊళ్లో మానసిక వైద్యశాల నడిపేవారు. ఆ ఆసుపత్రికి ఒక పొలం, పాడి పశువులు ఉండేవి. దూడలకు పాలు పట్టటంలో కొలతలు, శుభ్రత పాటిస్తే విరేచనాలు తగ్గి దూడలు బతుకుతున్నాయని ఆయన గమనించారు. మనుషుల పిల్లలకూ ఇదే పద్ధతి పెడితే? 1907లో ప్లంకెట్ సొసైటీ అనే సంస్థ స్థాపించి, నర్సుల ద్వారా ఇంటింటికీ ఈ క్రమశిక్షణను తీసుకెళ్లారు. బ్రిటన్ వరకూ ఇది పాకింది.

ఆయన్ను మరీ తప్పుపట్టటానికీ లేదు. అవి కలుషితమైన సీసా పాలు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్న రోజులు. తల్లిపాలే ఇవ్వాలనీ, శుభ్రత ముఖ్యమనీ ఆయన గట్టిగా చెప్పారు. ఆ రెండు మాటలూ నిలిచాయి. నాలుగు గంటల లెక్క మాత్రం నిలవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ప్రసూతి ఆసుపత్రుల కోసం రూపొందించిన పది సూత్రాల్లో, 2018లో సవరించిన ప్రతిలో, బిడ్డ ఇచ్చే ఆకలి సంకేతాలను గుర్తించి స్పందించటం తల్లులకు నేర్పాలని స్పష్టంగా ఉంది. సూత్రం మారినా అలవాటు అంత తేలిగ్గా పోదు. మన ఇళ్లలో ‘టైము ప్రకారం అలవాటు చెయ్యాలి’ అన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది.

కుండలో నీళ్లు కావు

‘రెండు గంటలు ఆగితే పాలు బాగా నిండుతాయి’ అనే నమ్మకం ఒకటుంది. రొమ్ము కుండ కాదు. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి పాల తయారీ జరుగుతుంది. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను పాలను చేపేలా చేస్తుంది. రొమ్ము నిండి గట్టిపడి అలాగే ఉండిపోతే ‘ఇక చాలు’ అన్న కబురు లోపలికి వెళ్లి తయారీ మందగిస్తుంది. అంటే ఆగిన కొద్దీ పెరగవు, తగ్గుతాయి. రాత్రిపూట ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి మొదటి నెలల్లో రాత్రి పాలు మానిపించటం మరీ నష్టం.

ఎన్నిసార్లు ఇవ్వాలన్నది బిడ్డకూ బిడ్డకూ మారుతుంది. ఆస్ట్రేలియాలో పరిశోధకులు 1 నుంచి 6 నెలల వయసున్న 71 మంది తల్లిపాల బిడ్డలను ఒక రోజంతా, పాలు తాగటానికి ముందూ తర్వాతా తూచి చూశారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం బిడ్డలు సగటున రోజుకు 11 సార్లు తాగారు. రోజు మొత్తంలో ఒక బిడ్డ అరలీటరు కన్నా తక్కువ తాగితే, మరో బిడ్డ లీటరుంపావు దాటి తాగింది. అందరూ ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలే! ఇంకా ముఖ్యమైన సంగతేమంటే, రొమ్ములో ఉన్న పాలలో బిడ్డలు సగటున మూడింట రెండొంతులే తాగి ఆపేశారు. పాలు అయిపోయి ఆపలేదు. కడుపు నిండి ఆపారు.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా అరగంటకోసారి పాలకోసం వెతకటం మొదటి వారాల్లో మామూలే. రెండు మూడు వారాలప్పుడు, ఆరో వారంలో ఒకట్రెండు రోజులు అస్తమానం తాగుతున్నట్టుగా ఉంటుంది. ఈ రోజుల్లోనే ఎక్కువ ఇళ్లలోకి పాలడబ్బా వస్తుంది. డబ్బాపాలు పట్టిన మేరకు బిడ్డ తక్కువ చీకుతుంది, తక్కువ చీకితే పాలు నిజంగానే తగ్గుతాయి, ‘చూశావా, నేను ముందే చెప్పాను’ అని పెద్దవాళ్లంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన దేశంలో ఆరు నెలలలోపు పిల్లల్లో కేవలం తల్లిపాల మీదే ఉన్నవాళ్లు 63.7 శాతం. మిగతావారందరి తల్లులకూ పాలు లేవనుకోవటానికి లేదు.

మరి చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? అయిదో రోజు నుంచీ రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువసార్లు మూత్రం పోస్తోందా, ఆ మూత్రం లేత రంగులో ఉందా, నల్లటి విరేచనం పోయి పసుప్పచ్చగా మారిందా చూడండి. పుట్టిన కొత్తలో బరువు కొంచెం తగ్గటం సహజం. రెండు వారాల కల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. తగ్గుదల 10 శాతానికి చేరినా, రెండు వారాలైనా బరువు అందుకోకపోయినా డాక్టరు చూడాల్సిందే. రొమ్ము మెత్తబడిందనీ, పిండితే రావటం లేదనీ, బిడ్డ తాగాక కూడా ఏడుస్తోందనీ పాలు లేవని తేల్చెయ్యకండి.

ఏడవని బిడ్డ గురించి ఎవరికీ బెంగ ఉండదు

‘మా పాప చాలా మంచిది, అసలు ఏడవనే ఏడవదు. అయిదారు గంటలు హాయిగా పడుకుంటుంది.’ పుట్టి వారం కూడా కాని బిడ్డ గురించి ఈ మాట వినబడితే సంతోషించకండి. ఒకసారి బిడ్డను లేపి చూడండి.

‘ఆకలేస్తే తనే అడుగుతుంది’ అన్న సూత్రం అడిగే శక్తి ఉన్న బిడ్డకే వర్తిస్తుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, మరీ తక్కువ బరువుతో పుట్టినవాళ్లు, కామెర్లు ఎక్కువగా ఉన్నవాళ్లు, తల్లికి మధుమేహం ఉండి పుట్టినవాళ్లు ఆకలి గుర్తులు సరిగా చూపలేరు. ఇందులో ఎక్కువగా మోసపోయేది 34 నుంచి 36 వారాల మధ్య పుట్టిన బిడ్డల విషయంలో. చూడటానికి నిండు నెలల బిడ్డలాగే ఉంటారు. బరువు రెండున్నర కిలోలు ఉండొచ్చు, తల్లితో పాటే ఇంటికి పంపించేస్తారు. కానీ నాలుగుసార్లు చీకి అలసి నిద్రపోతారు. పాలు తక్కువగా వెళ్తాయి. దానివల్ల కామెర్లు పెరుగుతాయి, కామెర్లతో మత్తు పెరుగుతుంది, మత్తుతో పాలు ఇంకా తగ్గుతాయి. ఏడుపన్నదే ఉండదు. నాలుగో రోజుకో అయిదో రోజుకో ఒళ్లు వేలాడేసిన స్థితిలో ఆసుపత్రికి తెస్తారు.

అందుకే ఇలాంటి బిడ్డల విషయంలో గడియారాన్ని పక్కన పెట్టకూడదు. పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చేదాకా పగలూ రాత్రీ రెండు మూడు గంటలకోసారి లేపి పాలివ్వాలి. బట్టలు వదులు చేసి, అరికాళ్లు నిమిరి, పక్కబట్ట మార్చి లేపండి. చీకే ఓపిక లేకపోతే పాలు చేత్తో పిండి, మరిగించి ఆరబెట్టిన ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టొచ్చు. మన అమ్మమ్మలు ఆముదం కలిపిన ఉగ్గుకు వాడిన గిన్నె ఇప్పుడు నవజాత శిశువుల వార్డుల్లో తల్లిపాలు పట్టటానికి బాగా పనికొస్తోంది. ఆముదం మాత్రం వద్దు! ఎంత పట్టాలన్నది బిడ్డ బరువును బట్టి డాక్టరు చెబుతారు.

నెలలోపు బిడ్డ బాగా తాగుతూ తాగుతూ హఠాత్తుగా మానేసినా, లేపినా సరిగా కదలకపోయినా, ఒళ్లు చల్లబడినా, జ్వరమున్నా, నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాస తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా ఉదయం దాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

సీసా చెప్పే అబద్ధం

రొమ్ము దగ్గర ఎంత తాగిందో కనబడదు. అది తల్లిని బెంగపెట్టే విషయమే అయినా బిడ్డకు మేలు. సీసా మీద గీతలుంటాయి. 120 మిల్లీలీటర్లు కలిపాక 90 దగ్గర బిడ్డ మొహం తిప్పేస్తే మిగిలిన 30 పారబోయటానికి మనకు మనసొప్పదు. చుబుకం కింద నొక్కో, సీసా అటూ ఇటూ ఆడించో మొత్తం పట్టించేస్తాం. అమెరికాలో 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం దీన్ని నేరుగా పరిశీలించింది. మొదటి ఆరు నెలలు రొమ్ము దగ్గరే తాగిన పిల్లల్లో, తర్వాతి నెలల్లో కప్పు గానీ సీసా గానీ ఇస్తే మొత్తం ఖాళీ చేసినవాళ్లు 27 శాతం. మొదటి నుంచీ సీసాకే అలవాటైన పిల్లల్లో 68 శాతం. కడుపు చెప్పే మాట వినటం చిన్నప్పుడే మరచిపోతారన్నమాట.

ఏదో కారణంగా సీసా తప్పకపోతే బిడ్డను కొంచెం నిటారుగా కూర్చోబెట్టుకుని, సీసా దాదాపు అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపుతూ పట్టండి. పిడికిళ్లు విచ్చుకుని చేతులు వాలిపోవటం, చీకటం నెమ్మదించటం, నోటి నుంచి వదిలేయటం, తల తిప్పుకోవటం- ఇవి కడుపు నిండిన గుర్తులు. గీతలు ఏం చెబుతున్నా సరే అక్కడితో ఆపండి. మిగిలిన పాలు దాచి మళ్లీ పట్టకండి.

నాన్న ముద్ద, మామ ముద్ద, సెల్‌ఫోన్ ముద్ద

ఆరు నెలలు నిండి అన్నం మొదలయ్యాక గుర్తులు ఇంకా తేలిగ్గా తెలుస్తాయి. ఆకలిగా ఉన్న పిల్ల గిన్నె చూడగానే ముందుకు వంగుతుంది, చెంచా కోసం చెయ్యి చాపుతుంది, నోరు తెరుస్తుంది. చాలనుకుంటే పెదాలు బిగిస్తుంది, మొహం తిప్పుతుంది, చెయ్యి అడ్డం పెడుతుంది, ఉమ్మేస్తుంది. ఇంత స్పష్టంగా చెప్పినా మనం వినం. ‘ఇది నాన్న ముద్ద, ఇది మామ ముద్ద’ అంటూ బంధువులందరి పేర్లూ అయ్యేదాకా పెడుతూనే ఉంటాం. అయినా ఆ ముద్దల్లో ఒక అందం ఉంది. పిల్ల మన మొహం చూస్తుంది, మనం పిల్ల మొహం చూస్తాం, చందమామను ఇద్దరం చూస్తాం. ఫోను పెట్టి తినిపిస్తే అదీ ఉండదు. బొమ్మల వైపు కళ్లప్పగించి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఎంత తిన్నదో, ఏం తిన్నదో పిల్లకు తెలియదు. ఫోను తీసేస్తే తినటమే మానేస్తుంది. రెండేళ్లకు ఈ అలవాటు మాన్పించలేక అవస్థ పడే తల్లిదండ్రులు పిల్లల డాక్టర్ల దగ్గరికి తరచూ వస్తుంటారు.

పిల్లల గుర్తులను బట్టి, మాట్లాడుతూ, ఓపికగా తినిపించే పద్ధతిని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లా పల్లెల్లో పరీక్షించి చూశారు. 60 గ్రామాల్లో మూడు నెలల వయసు నుంచి పదిహేను నెలలదాకా పిల్లలను గమనించారు. కొన్ని గ్రామాల్లో అంగన్‌వాడీ సేవలు మాత్రమే, కొన్నింట్లో ఏం పెట్టాలో అదనంగా చెప్పటం, మరికొన్నింట్లో ఏం పెట్టాలన్న దానితో పాటు ఎలా పెట్టాలి, ఎలా ఆడించాలి కూడా నేర్పటం. 2013లో ఫలితాలు వచ్చాయి. చెప్పిన గ్రామాల పిల్లల ఆహారం మెరుగుపడింది. ‘ఎలా పెట్టాలి, ఎలా ఆడించాలి’ కూడా నేర్పిన గ్రామాల్లో పిల్లల మానసిక ఎదుగుదల అంకెలూ పెరిగాయి. ఇంటింటికీ వచ్చి చెప్పింది శిక్షణ పొందిన ఊళ్లోని మహిళలే.

పిల్లలకు ఎంత తినాలో తెలుస్తుందంటే, ఏం తినాలో కూడా తెలుస్తుందా? 1920ల్లో అమెరికాలో డాక్టర్ క్లారా డేవిస్ ఈ ప్రశ్నతోనే అప్పుడే పాలు మాన్పిన పిల్లలను ఆసుపత్రి వార్డులో ఉంచి, వండిన, పచ్చి పదార్థాలు విడివిడి గిన్నెల్లో ముందు పెట్టించారు. నర్సులు చెంచా పట్టుకుని నోరెత్తకుండా కూర్చోవాలి. పిల్లలు చెయ్యి చాపిన గిన్నెలోదే పెట్టాలి. ఒకపూట గుడ్లే తిన్నారు, మరోపూట పండ్లే తిన్నారు. వారాల లెక్కన చూస్తే అందరూ చక్కగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక పిల్లాడు పక్కనే గ్లాసులో ఉంచిన చేపనూనెను తనంతట తానే తాగి, జబ్బు నయమయ్యాక మానేశాడు! దీన్ని పట్టుకుని ‘పిల్లాడి ఇష్టం’ అంటూ చిప్స్ ప్యాకెట్ చేతికిచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ బల్ల మీద చక్కెర, మైదా, బిస్కెట్లు లేవు. ఎంచుకున్నది పిల్లలే. బల్ల మీద ఏముండాలో నిర్ణయించింది మాత్రం డాక్టరమ్మ.

రోజుకు అరలీటరుకు మించి పాలు తాగి, మధ్యలో బిస్కెట్లు నమిలే రెండేళ్ల పిల్లాడికి మధ్యాహ్నం అన్నం దగ్గర ఆకలి గుర్తులు కనబడకపోవటం వింత కాదు. ముందు పాలు తగ్గించి చూడండి. అప్పటికీ తినకపోయినా, బరువు పెరగకపోయినా రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించాలి. ఇనుము లోపిస్తే ఆకలి మందగిస్తుంది. జ్వరం, విరేచనాలప్పుడు పిల్లలు తక్కువే తింటారు. అప్పుడు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టి, తగ్గాక ఒక పూట అదనంగా పెట్టండి.

దూడ, పిల్లి, లాబ్రడార్

ట్రూబీ కింగ్ దూడలను చూసి పిల్లలకు కొలత పెట్టారు కదా, ఇప్పుడు దూడల కొలతనే శాస్త్రవేత్తలు తప్పుపడుతున్నారు. దూడ బరువులో పదో వంతు పాలు పట్టాలన్నది పాడి రంగంలో పాత లెక్క. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దూడలను ఇష్టం వచ్చినంత తాగనిస్తే అవి దాదాపు రెట్టింపు తాగి, ఎక్కువ బరువు పెరిగాయి. దూడ పొదుగును తలతో కుమ్మటం మీరు చూసే ఉంటారు. పాలు చేపటానికి, ఇంకా కావాలని అడగటానికి అది దాని భాష. మన ఇళ్లలో ఇష్టంగా తినే జున్ను విషయంలోనూ దూడ మాట వినాలి. ఆవు కడుపులో ఉన్నప్పుడు దూడకు తల్లి రక్తం నుంచి రోగనిరోధక శక్తి చేరదు. పుట్టిన మొదటి కొద్ది గంటల్లో తాగే జున్నుపాల నుంచే అందాలి. ఒక రోజు గడిస్తే దాని పేగులు ఆ రక్షక పదార్థాలను పీల్చుకోలేవు. దూడ కడుపు నిండాకే మనకు జున్ను!

పెంపుడు జంతువుల దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. అవి అడిగిందల్లా ఆకలి కాదు. తెల్లవారుజామున మీ పక్కన చేరి గురగురమనే పిల్లి గొంతులో, పసిబిడ్డ ఏడుపును పోలిన సన్నటి స్వరం కలిసి ఉంటుందని ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో తేల్చారు. మనం లేవక ఏం చేస్తాం? లాబ్రడార్ కుక్కల్లో సుమారు నాలుగో వంతుకు కడుపు నిండిన కబురు మెదడుకు చేరవేసే జన్యువులో ఒక లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అవి ఎంత పెట్టినా ఇంకా అడుగుతాయి. ఇలాంటి కుక్కకు కళ్లలోకి చూసి కాకుండా తూకం చూసి పెట్టాలి. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయా, పైనుంచి చూస్తే నడుము కనబడుతోందా అన్నది గమనించండి.

తల్లిలేని కుక్కపిల్లలు వీధిలో దొరికితే పిల్లలు ఇంటికి తెచ్చి ముందు పాలగిన్నె పెడతారు. మొదట పెట్టాల్సింది పాలు కాదు, వెచ్చదనం. ఒళ్లు చల్లబడిన కుక్కపిల్ల చప్పరించదు, తాగినా అరగదు. బట్టలో చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, ఒళ్లు వెచ్చబడి, అది ముక్కుతో వెతుకుతూ కుయ్‌కుయ్‌మన్నాక పాలు పట్టండి. కుక్కపాలతో పోలిస్తే ఆవుపాలలో కొవ్వు, ప్రొటీన్ తక్కువ. కాబట్టి మందుల దుకాణాల్లో, పశువైద్యుల దగ్గర దొరికే కుక్కపిల్లల పాలపొడి మేలు. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా, తల కాస్త ఎత్తుగా ఉంచాలి. మొదటి వారంలో రెండు మూడు గంటలకోసారి పట్టాలి. పొట్ట గుండ్రంగా అయి, చప్పరించటం ఆపితే చాలు, బిగుసుకునేదాకా పట్టకండి. పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని తడి దూదితో పొట్ట కింద మెల్లగా తుడవండి. తల్లి నాకితే తప్ప వాటికి మూత్రం, విరేచనం రావు. మూడు వారాల దాకా ఆ పని మీరే చెయ్యాలి.